బోర్లించిన పడవ కింద మా మేనత్త

మొన్న పొద్దున మా మేనత్త ఫోన్ చేసింది. ఆవిడ బూర్గంపాడులో మాట్లాడితే కొత్తగూడెంలో ఉన్న నాకు ఫోన్ అక్కర్లేదు. ఊరికే బిల్లు కడుతున్నాం కదా అని ఎత్తుతానంతే.

“పడవాయన పోయిండురా. నిద్రల్నే గుండె ఆగిందంట. జల్దీ రా. కొబ్బరికాయ కొనకు, ఇంట్ల ఉన్నది.”

చావు కబురులో కొబ్బరికాయ ఏమిటని మీరు అడగవచ్చు. మా అత్తను ఎరిగినవాళ్లు అడగరు. బోరు వేస్తే ఒక కాయ, నీళ్లు పడితే ఇంకో కాయ, పడకపోతే దేవుడికి గుర్తుచేయడానికి మరో కాయ. కొత్త మిక్సీ వస్తే దాని ముందు కాయ కొట్టి, ఆ కాయనే అందులో పచ్చడి చేసిన మనిషి ఆవిడ. సంచిలో కాయ వేసుకుని గడప దాటిందంటే దాన్ని పగలగొట్టకుండా ఇంటికి తెచ్చిన చరిత్ర మా వంశంలో లేదు.

పడవాయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది కానీ అది రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ పనికిరాలేదు. వయసులో ఉండగా కాకినాడ వైపు వెళ్లి ఫైబర్ పడవలు చేసే షెడ్డులో పని నేర్చుకున్నాడు. తిరిగి వచ్చేసరికి గోదావరి మీద వంతెనలు లేచాయి, పడవలు అడిగేవాడు లేడు. అందుకని ఇళ్ల కప్పులకు ఫైబర్ వేయడం మొదలుపెట్టాడు. పని మారింది కానీ మనిషి మారలేదు. ఆయన లెక్కలో లోకంలో కప్పు అనే వస్తువు లేదు, అన్నీ బోర్లించిన పడవలే.

“పడవల నీళ్లు లోపలికి రావొద్దు. ఇంట్ల నీళ్లు లోపలికి రావొద్దు. ఫరక్ ఏముంది సారూ? పడవను తిరగేసి దాని కింద సంసారం పెట్టిండ్రు, గంతే.”

మా అత్త ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు ఆయన ఎవరినీ పలకరించలేదు. చొక్కా జేబులోంచి రూపాయి బిళ్ల తీసి గోడను కొట్టాడు. దూలాన్ని కొట్టాడు. తలుపును కొట్టాడు. చివరకు, అప్పట్లో అత్త ఇంట్లోనే ఉంటూ అరుగు మీద కూర్చున్న నా దగ్గరికి వచ్చి నా భుజం దగ్గర ఆగి, ఎందుకో వద్దనుకుని బిళ్ల జేబులో వేసుకున్నాడు. అది ఆయన స్టెతస్కోపు. ఫైబర్ చెక్కకు గట్టిగా అంటుకుంటే బిళ్ల దెబ్బకు టంగుమంటుంది. అప్పుడు “పలుకుతాంది” అనేవాడు. లోపల గాలి బుడగ ఉంటే మొద్దు చప్పుడు వస్తుంది. అప్పుడు “మూగది” అని మొహం చిట్లించేవాడు. ఈ రెండు ముద్రలూ కప్పులకే పరిమితం కాలేదు. పుచ్చకాయలు, కుండలు, రాజకీయ నాయకులు, చర్చిలో కొత్త పాస్టరుగారి ప్రసంగాలు, అన్నిటినీ ఆయన పలికేవి, మూగవి అని రెండుగా విడదీసి పెట్టాడు. నన్నెక్కడ పెట్టాడో అడిగే ధైర్యం నాకు రాలేదు.

పనికి వచ్చే తీరు కూడా చూడవలసిందే. ఫైబర్ వేయడానికి పరిచే గాజు నూలు ఒంటికి తగిలితే దురద పుడుతుంది. అందుకని ఎండ మండే రోజుల్లో కూడా మెడదాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా వేసి, చేతులకు, మెడకు, చెవుల వెనక డబ్బాడు పౌడరు కొట్టుకుని దిగేవాడు. వీధిలో వస్తుంటే పెళ్లికొడుకు దారి తప్పి వచ్చాడేమోనని ఆడవాళ్లు తొంగిచూసేవారు. ఏళ్ల తరబడి ఆ నూలును అతికించే రెజిన్ జిగురు ఘాటు పీల్చి ముక్కు పూర్తిగా చచ్చిపోయింది. పులిసిన పప్పు పెట్టినా, పాయసం పెట్టినా ఒకే మొహంతో తినేవాడు. “మా ఇంట్ల నా అంత మంచి భర్త లేడు సారూ. వంటకు వంక పెట్టనే పెట్టను,” అనేవాడు గర్వంగా.

గొప్పలకు మాత్రం లోటు లేదు. “గోదారి మొత్తం లేసొచ్చి నా కప్పు మీద కూసున్నా సుక్క కారదు,” అనేవాడు. ఎప్పుడైనా ఎక్కడైనా ఏదైనా కారితే దానికి కారణాలు సిద్ధంగా ఉండేవి: చెక్క మంచిది కాదు, ఎండ మంచిది కాదు, రెజిన్ డబ్బా లారీలో తలకిందులుగా వచ్చింది, ఆ ఇంటి ఓనరు చూపు మంచిది కాదు. ఆ జాబితాలో ఆయన పేరు ఏనాడూ చేరలేదు.

ఇక మా అత్తకు ఈ బోర్లించిన పడవ ఎందుకు అవసరమైందంటే, కోతుల వల్ల. అడవిలో తిండి తగ్గి ఊళ్ల మీద పడ్డ కోతులు మేడ మీది గది పెంకులన్నీ తీసి చూశాయి. కింద ఏముందో తెలుసుకోవాలన్న జిజ్ఞాస వాటికి మన పిల్లలకంటే ఎక్కువ. కింద ఉన్నవి మిర్చి బస్తాలు. ధర వచ్చేదాకా అందరూ కోల్డ్ స్టోరేజీలో పెడతారు కానీ, తన మిర్చి పరాయి ఇంట్లో పడుకోవడం మా అత్తకు ఇష్టం ఉండదు. రేకులు వేద్దామంటే వేడికి మిర్చి రంగు పోతుంది. స్లాబు పోద్దామంటే మేస్త్రీ ఆ మట్టి గోడలను ఒకసారి చూసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆఖరికి పాత బండ్ల కొట్టం విప్పగా వచ్చిన టేకు చెక్కలు దూలాల మీద పరిచి, నీళ్లు జారడానికి కొంచెం వాటం ఇచ్చి, పైన ఫైబర్ వేయించాలని తేలింది.

పడవాయనకు ఈ పని మీద మరో ఆశ ఉంది. మొదటి రోజే చెప్పాడు.

“మా చర్చి కప్పు కూడా గిట్లనే చెక్కల మీదనే ఉంది సారూ. పైన తారు షీటు. కారుతనే ఉంటది. మా పెండ్లి గండ్లనే అయింది. పాస్టరుగారు ‘కష్టంల సుఖంల’ అని ప్రమాణం చేయిస్తున్నరు. కష్టం అనంగనే పైనుంచి సుక్క, సీదా మా ఆమె ముసుగు మీద పడ్డది. ‘సుఖం ఎప్పుడొస్తదో గని కష్టం ఆడనే మొదలైంది’ అని ఇప్పటికీ అంటది.”

“మరి నువ్వే వేయొచ్చుగా అన్నా?”

“ఏస్తనంటే చర్చి పెద్ద నమ్మడు. ‘నువ్వు పడవలోడివి, ముందు ఎవరిదన్న ఇంటికి చెక్కల మీద ఏసి చూపియ్యి’ అన్నడు. ఈ కప్పు నీళ్లు నింపి పరీక్ష పెట్టే రోజు వచ్చి చూస్తడంట. ఇది నిలవాలె సారూ. మా ఆమెతోని ఆ మాట ఇగ అనిపియ్యొద్దు.”

అందుకే ఆ చెక్కలను ఆయన పురిటి బిడ్డను చూసినట్టు చూశాడు. తడి చెక్క మీద ఫైబర్ అంటదు. పొద్దుగూకితే మంచు పడుతుందని టార్పాలిన్ కప్పేవాడు. కాకి వాలితే అదిలించేవాడు. చెమట చుక్క రాలకుండా నుదుటికి తువ్వాలు కట్టుకుని, ఆ తువ్వాలుకు మళ్లీ పౌడరు కొట్టేవాడు. నేను మంచినీళ్ల చెంబుతో నిచ్చెన ఎక్కబోతే, పాము పట్టుకుని వస్తున్నట్టు కేకపెట్టి దింపేశాడు.

పని రోజు రానే వచ్చింది. ఎండ ముదిరితే రెజిన్ మగ్గులోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది కాబట్టి తెల్లవారుతూనే మొదలుపెట్టాలి. ఆయన టార్పాలిన్ తీసి, చెక్కలు తుడిచి, రెజిన్ కలపడానికి కిందికి దిగాడు. ఆ సందులో మా అత్త పళ్లెం పట్టుకుని నిచ్చెన ఎక్కింది. మోకాళ్ల నొప్పులతో గుమ్మం మెట్టు కూడా ఎక్కలేని మనిషి నిచ్చెన ఎలా ఎక్కిందంటే, దాని జవాబు వైద్యశాస్త్రంలో లేదు, పళ్లెంలో ఉంది. ఫట్టుమన్న చప్పుడుకు గోదావరి అవతల భద్రాచలంలో కోతులు ఉలిక్కిపడి ఉంటాయి.

పడవాయన బకెట్టుతో పైకి వచ్చి చూసేసరికి, అన్నాళ్లూ ఆయన పొడిగా కాపాడుకున్న చెక్కల నడుమ ఒక చిన్న చెరువు. చుట్టూ పసుపు. మధ్యలో కుంకుమ. పక్కన మా అత్త.

“మంచిగ సగానికి సగం పగిలిందయ్యా. శుభం. ఇగ మొదలువెట్టు.”

పడవాయన నోరు తెరుచుకుంది. అందులోంచి రాబోయే మాటల వేడికి మేడ కూలుతుందని నేను నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను. కానీ నోరు అలాగే మూసుకుంది. ఆయన మెడలో చొక్కా గుండీ కింద చిన్న సిలువ ఉండేది. సిలువ వేసుకున్న మనిషి ‘ఇక్కడ కొబ్బరికాయ కొట్టొద్దు’ అంటే, ఆ మాట చెక్క గురించి అన్నాడని ఎవరూ అనుకోరు.

“మంచిగైంది పెద్దమ్మా,” అన్నాడు.

ఆవిడ దిగిపోయాక తువ్వాలుతో అద్దాడు, పాత గుడ్డతో తుడిచాడు, ఆఖరికి చొక్కా విప్పి దానితో రుద్దాడు. వంటింట్లోంచి చాట తెప్పించుకుని, జాతరలో దేవుడికి విసిరినట్టు ఆ చెక్కలకు విసిరాడు. పడమట మబ్బు ఉరిమింది.

“ఇవాళ్టికి ఆపుదామా అన్నా?” అని అడిగాను.

“ఎట్ల ఆపుతవు? గాలివాన లేస్తే ఈ టార్పాలిన్ పక్కూరు సారపాకల దొరుకుతది. బస్తాలు ఏడ దొరుకుతయి?”

ఆయన పరిచాడు. గాజు నూలు చాపలు ఒకదాని అంచు మీద ఒకటి, పైన రెజిన్, దాని మీద గాట్ల రోలరుతో అటూ ఇటూ బుడగలు లేకుండా నొక్కడం. ఆ పని జరుగుతున్నంతసేపు పక్కనున్న వాళ్లు మాట్లాడకూడదు. రెజిన్‌ది కొత్తల్లుడి కోపం లాంటిది, ఎప్పుడు బిగుసుకుంటుందో చెప్పి రాదు. మధ్యలో ఆ తడిచోటు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చేయి కొంచెం నెమ్మదించింది. గట్టిపడ్డాక పైన బూడిదరంగు కోటు వేశాడు. మేడ మొత్తం నున్నగా, తాజాగా రంగేసిన బస్సు టాపులా మెరిసింది. వాన మాత్రం రాలేదు. ఉరిమింది ఊరికే, మమ్మల్ని తొందరపెట్టడానికి.

పరీక్ష రోజు. పడవాయన పరీక్షకు ఒక పద్ధతి ఉంది. నీళ్లు పోయే గొట్టానికి గుడ్డ కుక్కి, కప్పు నిండా మోటారు నీళ్లు నింపి, విస్తరాకు దొప్ప ఒకటి అందులో వదిలేవాడు. అది పైన తేలుతుండగా, ఇంటి యజమాని కింద మంచమేసుకుని వెల్లకిలా పడుకోవాలి. “నిలబడి చూస్తే నమ్మకం కాదు. పండి చూడాలె,” అనేవాడు. మా అత్త మిర్చి బస్తాల మీద చాప పరిపించుకుని, శేషతల్పం మీద విష్ణుమూర్తిలా పడుకుంది. కొంచెం ఇవతల చర్చి పెద్ద చేతులు కట్టుకుని తల పైకెత్తి నిలబడ్డాడు. గుమ్మంలో పడవాయన, జేబులో బిళ్ల పట్టుకుని.

చాలాసేపు ఏమీ జరగలేదు. మా అత్త చిన్న గురక కూడా తీసింది. పడవాయన మొహంలో వెలుగు రావడం మొదలైంది.

అప్పుడు చుక్క పడింది. సరిగ్గా మా అత్త బొట్టు మీద.

“అయ్యో! గోదారి వచ్చి కూసున్నా కారదంటివి గదయ్యా! నా బొట్టు కారి ముక్కు మీదికి వచ్చింది!”

నేను పడవాయన వైపు చూశాను. ఆ చుక్క ఎక్కడి నుంచి పడిందో ఆయన చూశాడు, నేనూ చూశాను. ఎండ, చెక్క, లారీ, ఓనరు చూపు అంటూ ఏకరువు పెడతాడేమో అని ఎదురుచూశాను. కొబ్బరికాయ అయితే నిజమైన కారణం కూడా.

“చెయ్యి తప్పింది పెద్దమ్మా,” అన్నాడు. “రోలర్ సరిగ తిప్పలే. నాదే తప్పు.”

చర్చి పెద్ద గొంతు సవరించుకున్నాడు. “చూద్దాం బ్రదర్. తొందరేముంది,” అని చెప్పులేసుకున్నాడు. మన వైపు ‘చూద్దాం’ అంటే ఇక చూసేది లేదని అర్థం. ఆయన వీధి మలుపు తిరిగేదాకా పడవాయన అలాగే నిలబడ్డాడు. తర్వాత పైకెక్కి, నీళ్లలోంచి ఆ దొప్పను తీసి చేత్తో నలిపేశాడు.

మర్నాడు మరమ్మతు. ఈసారి దగ్గరుండి చూస్తానని మా అత్త మళ్లీ నిచ్చెన ఎక్కింది. పడవాయన బిళ్లతో కొట్టుకుంటూ వెళ్లాడు. పలుకుతాంది, పలుకుతాంది, పలుకుతాంది, మూగది. అక్కడ ఆగి, గ్రైండరు పెట్టి బూడిదరంగు కోటు గీకాడు. దాని కింది ఫైబర్ గాజులా పారదర్శకంగా ఉంటుంది. అందులో పాలు ఒలికినట్టు ఒక తెల్లటి మరక. ఆ మరక అంచున పసుపు. నడుమన, అద్దాల పెట్టెలో పెట్టినట్టు, ఎంత రుద్దినా పోని మా అత్త కుంకుమ.

గ్రైండరు ఆగింది.

“టేకుల ఎర్ర చార ఉంటది పెద్దమ్మా,” అన్నాడు పడవాయన గబగబా. “కొన్ని చెక్కలకు గట్లనే వస్తది.”

మా అత్త జీవితంలో ఎన్ని వేల బొట్లు పెట్టిందో నాకు తెలియదు కానీ, టేకు చారకూ కుంకుమకూ తేడా తెలియని మనిషి మాత్రం కాదు. వంగి చూసింది, నిచ్చెన దిగిపోయింది. మధ్యాహ్నం ఆయనకు విస్తరి తనే వేసి, కోడికూర తనే వడ్డించింది. ఆ పూట మా ఇంట్లో వినిపించిన నిశ్శబ్దానికి పక్కింటివాళ్లు వచ్చి అంతా క్షేమమేనా అని అడిగి వెళ్లారు.

ఆదివారం నా బండి వెనక కూర్చుని, “చర్చికి పోనియ్” అంది. అప్పుడే ఆరాధన అయిపోయి జనం బయటికి వస్తున్నారు. పడవాయన, ఆయన భార్య కూడా వాళ్లలో ఉన్నారు. మా అత్త గేటు దగ్గర నిలబడి, ఊరంతటికీ పనికొచ్చే గొంతుతో చర్చి పెద్దను పిలిచింది.

“ఏమయ్యా, పడవాయన పని మంచిగలేదని వెళ్లిపోతివి. ఆయన తప్పేం లేదు. చెక్కల మీద కోతి కొబ్బరికాయ కొట్టింది. ఆ నీళ్లకు ఫైబర్ అంటుకోలే.”

చర్చి పెద్ద కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. “కోతా? కోతి కొబ్బరికాయ ఎట్ల కొడతది పెద్దమ్మా?”

“రెండు చేతులతోని. మీ బజార్ల కోతులకు చేతులు లేవా?”

“మరి పసుపు కుంకుమ కూడా పెట్టిందని విన్న...”

నా వైపు చూడకండి. ఎవరి ద్వారా విన్నాడో నాకూ తెలియదు.

“అవ్, పెట్టింది,” అంది మా అత్త తొణక్కుండా. “భద్రాచలం కోతి నాయనా. దానికి భక్తి ఎక్కువ.”

ముందు పడవాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పాస్టరుగారు నేల చూపులు చూశారు. ఆఖరికి చర్చి పెద్ద కూడా నవ్వేశాడు. “కోతి తప్పుకు మనిషిని శిక్షించుడు న్యాయం కాదులే,” అన్నాడు. మరమ్మతు చేసిన కప్పుకు మళ్లీ నీళ్లు నింపారు. మా అత్త మళ్లీ పడుకుంది, ఈసారి గురక పూర్తిగా తీసింది. వానలు మొదలవకముందే పడవాయన చర్చి కప్పు ఎక్కాడు.

ఆ పైన వాళ్లిద్దరి మధ్య కొబ్బరికాయ మాట ఎప్పుడూ రాలేదు. కోతి మాట మాత్రం ఎప్పుడూ వచ్చేది.

“పెద్దమ్మా, కోతి మంచిగున్నదా?”

“ఉన్నదయ్యా. మోకాళ్ల నొప్పులు.”

“పైకి ఎక్కుతలేదు గద?”

“నువ్వు కొత్త కప్పు ఎక్కడేస్తున్నవో చెప్పు, వస్తదేమో అడుగుత.”

ఇంకో మార్పు కూడా వచ్చింది. ఆ తర్వాత ఎవరింటి కప్పు వేసినా, పనికి ముందు ఆయనే ఇంటివాళ్లను పిలిచి కాయ కొట్టమనేవాడు. అయితే నిచ్చెన మొదట్లో, నేల మీద. “కప్పుకు కాయ కింద కొట్టాలె. గది మా పడవల శాస్త్రం,” అని గంభీరంగా చెప్పేవాడు. ఆ శాస్త్రం ఆయన పుట్టించిందని తెలిసినవాళ్లం ముగ్గురమే. కోతిని కలిపితే నలుగురం.

మొన్న మేము వెళ్లేసరికి వాన జోరుగా పడుతోంది. పెట్టె చర్చి మధ్యలో ఉంది. మా అత్త ఒళ్లో సంచి పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. ప్రార్థన సాగినంతసేపూ అందరూ తలలు వంచుకుంటే, ఆవిడ ఒక్కతే తల పైకెత్తి కప్పు వంక చూస్తూ ఉంది. పడవాయన భార్య ముసుగు పొడిగా ఉంది. ఎక్కడా ఒక్క చుక్క పడలేదు. మామూలుగా అయితే ఈపాటికి ఆయన తిరిగి చూసి, “చూసినవా?” అని కళ్లెగరేసేవాడు.

సమాధి తోటకు వెళ్లాక వాన ఆగింది. అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. మా అత్త కూడా వేసింది. తర్వాత సంచిలో చేయి పెట్టి కొబ్బరికాయ బయటికి తీసింది. జనం కొంచెం వెనక్కి జరిగారు. ఆ చేతిలో కాయ లేస్తే ఆపినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

పడవాయన భార్య ఆవిడ దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. “తెచ్చిన్రు గద పెద్దమ్మా, కొట్టున్రి. ఎవరన్న ఏమన్న అనుకుంటే అనుకోనియ్యి. ఆయన ఏమనడు.”

“అనడు బిడ్డా. అప్పుడు కూడా అనలే,” అంది మా అత్త. కాసేపు ఆ తడి మట్టి వంక చూసింది. “అందుకే వద్దు. కోతికి బుద్ధొచ్చింది.”

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. ఒకావిడ నవ్వుతోంది, ఒకావిడ ఏడుస్తోంది. ఎవరు ఏది చేస్తున్నారో ఇవతల నిలబడ్డ నాకు సరిగ్గా అంతుపట్టలేదు.

తిరుగు దారిలో బండి వెనక కూర్చుని మా అత్త సంచి విప్పింది. కొంగు ముడిలోంచి రూపాయి బిళ్ల తీసి, కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని టక్కున కొట్టింది. కాసేపు విన్నది.

“పలుకుతాంది,” అని, కాయను మళ్లీ జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది.